పుదీనా ఆకు చాటున

ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్ దాటి కాస్త ముందుకెళ్తే, సాయంత్రం ఆరు తర్వాత ఒక బండి మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. పైన బోర్డు: ‘మోజిటో’. కింద వరసగా సీసాలు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పసుపు. ముందు ఒక స్టీలు గిన్నెలో తడిగుడ్డ కప్పిన పుదీనా కట్టలు, పక్కనే నిమ్మకాయల బుట్ట. గ్లాసు యాభై రూపాయలు.

ఆ బండి నా చిన్ననాటి స్నేహితుడిది. ఇద్దరం ఒకే ఏడాది బీటెక్ పూర్తి చేశాం. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. వాడు రెండేళ్లు ఇంటర్వ్యూలకి తిరిగి, విసిగిపోయి, ఈ బండి పెట్టాడు. ఇప్పుడు నేను సెలవులకి ఊరొస్తే ఇంట్లో బ్యాగు పడేసి ముందు వచ్చేది ఇక్కడికే.

కిందటి ఏప్రిల్‌లోనూ అలాగే వచ్చాను. కాకపోతే ఈసారి జేబులో ఒక కాగితం ఉంది. ఆఫీసువాళ్లు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో 5.9. లివర్ స్కానింగులో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’. ఆ పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వ్యాధి గుమ్మం దగ్గర నిలబడినట్టు. నాకింకా ముప్ఫై రాలేదు. సిగరెట్టు లేదు. మందు ఎప్పుడో ఒకసారి. డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఒక్కటే: “తియ్యటివి ఏం తాగుతుంటారు?”

“కూల్‌డ్రింకులు మానేశానండి. మోజిటోనే. మందు లేనిది. పుదీనా, నిమ్మకాయ” అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి నవ్వారు. ఆ నవ్వు ఏలూరు దాకా నా వెంటే వచ్చింది.

దగ్గు మందు మూత

అసలు మోజిటో మన ఊరిది కాదు. పుట్టిల్లు క్యూబా దేశం, హవానా నగరం. వాళ్లు దాన్ని ‘మొహీతో’ అంటారు. తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార, పుదీనా, సోడా, ఐసు. అంతే. ప్రపంచమంతటా బార్లలో వాడే లెక్క ప్రకారం 45 మిల్లీలీటర్ల రమ్ము, 20 మిల్లీలీటర్ల నిమ్మరసం, రెండు చెంచాల పంచదార, ఆరు పుదీనా రెమ్మలు.

ఈ జాబితా చూస్తే మన గోదావరి జిల్లాలవాడికి నవ్వొస్తుంది. నిమ్మకాయా? ఏలూరులో నిమ్మకాయల మార్కెట్టే ఉంది. పంచదారా? తణుకులో 1947లోనే ఆంధ్రా షుగర్స్ పెట్టారు. రమ్ము కూడా చెరకు బిడ్డే, చెరకు రసం నుంచో బెల్లపు మడ్డి నుంచో తీస్తారు. సోడా సంగతి చెప్పక్కర్లేదు, గోలీ సోడా తాగి పెరిగినవాళ్లం. పుదీనా అయితే పెరట్లో కుండీకి ఒకటి. సరుకంతా మనదే, పేరొక్కటే క్యూబా నుంచి తెచ్చుకున్నాం.

మన బండ్ల మీద దొరికేది మాత్రం రమ్ము లేని మోజిటో. రమ్ము తీసేస్తే ఏం మిగలాలి? నిమ్మ, పుదీనా, రెండు చెంచాల పంచదార, సోడా. అది నిజంగానే మంచి పానీయం. మరి మా వాడి బండి మీద అదేనా ఉన్నది?

“ఒరేయ్, ఒక గ్లాసు చెయ్యి. కానీ ప్రతిదీ కొలిచి పొయ్యి” అన్నాను.

“కొలతేంట్రా? చెయ్యి తిరిగిపోయింది” అన్నాడు.

పక్కనున్న మందుల షాపులో అడిగితే, దగ్గు మందు సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూత ఒకటి ఇచ్చారు. దాని మీద 15 మిల్లీలీటర్ల గీత ఉంది. వాడు మామూలుగా పోసే ఆకుపచ్చ సిరప్పు ఆ మూతతో కొలిస్తే మూడు మూతలు తేలింది. అంటే 45 మిల్లీలీటర్లు. సీసా తిప్పి లేబుల్ చదివాను. 100 మిల్లీలీటర్లకి 70 గ్రాముల చక్కెర. ఫోన్ తీయకుండానే లెక్క వచ్చేసింది: 31 గ్రాముల పైన.

అక్కడితో ఆగలేదు. వాడు పైన నింపేది ఉత్త సోడా కాదు, నిమ్మ వాసన వేసే తియ్యటి కూల్‌డ్రింకు. అలాంటివాటిలో 100 మిల్లీలీటర్లకి సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. గ్లాసులో 150 దాకా పట్టింది. ఇంకో 15 గ్రాములు. మొత్తం 46. మన ఇంటి చెంచాతో దగ్గరదగ్గర తొమ్మిది చెంచాలు. గ్రాముకి నాలుగు కేలరీల చొప్పున 180 పైమాటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ఒకటుంది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి, బయట నుంచి కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదు. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. అంటే ఒక్క గ్లాసుతో నా రోజు కోటా అయిపోయింది. టీలు, బిస్కెట్లు, అమ్మ చేసిన సున్నుండలు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇంకో తమాషా చూడండి. హవానాలో అమ్మే అసలు మోజిటోలో రమ్ముకి వంద కేలరీల పైన, పంచదారకి నలభై, మొత్తం 150 లోపే. మందు లేదని మనం ధైర్యంగా పిల్లల చేతికి కూడా ఇచ్చే గ్లాసులో అంతకంటే ఎక్కువ కేలరీలున్నాయి. దానర్థం రమ్ము మేలని కాదు. దాని సంగతి తాడేపల్లిగూడెం వెళ్లాక చెప్తాను. ‘మందు లేదు’ అంటే ‘మంచిది’ అని అర్థం కాదని మాత్రమే ఇక్కడ చెప్తున్నా.

“మరి పుదీనా?” అన్నాడు మా వాడు, కేసు ఓడిపోతున్న లాయర్‌లా.

పుదీనా మంచిదే. 100 గ్రాముల ఆకులో కాల్షియం 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ గ్లాసులో వేసేది పది ఆకులు. రెండు గ్రాములు కూడా తూగవు. అంటే నాలుగు మిల్లీగ్రాములు. అదీ మనం తాగేది నీళ్లే, ఆకుల్ని గ్లాసు అడుగునే వదిలేస్తాం. నిమ్మరసం సంగతీ అంతే. అరచెక్క పిండితే విటమిన్ సి ఐదారు మిల్లీగ్రాములు. మగవాళ్లకి రోజుకి 80 కావాలని మన ఐసీఎంఆర్ లెక్క. దానికి ఒక్క జామకాయ కొరికితే చాలు.

మరి తాగగానే ఆ చల్లదనం ఏమిటి? పిప్పరమెంటులో మెంథాల్ అనే పదార్థం ఉంటుంది. మన నోట్లో, చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నాడీ కణాలుంటాయి. మెంథాల్ వాటిని తట్టి లేపుతుంది. ఒంటి వేడి తగ్గదు, తగ్గినట్టు అనిపిస్తుంది. మనం పచ్చడి చేసుకునే పుదీనా వేరే రకం. దాంట్లో మెంథాల్ తక్కువ, వాసననిచ్చే కార్వోన్ ఎక్కువ. కాబట్టి గ్లాసులో మనకి తెలిసే చల్లదనం చాలావరకు ఐసుదే.

మా వాడు అంతా విని, సిరప్పు సీసా తుడిచి యథాస్థానంలో పెట్టాడు.

“తీపి తగ్గిస్తే జనం రెండోసారి రారురా. నీకు జీతమొస్తుంది, నువ్వు లెక్కలేస్తావు. రేపు ఆదివారం, మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా. వస్తావా?”

నీళ్ల మధ్య నీళ్ల క్యాను

వాళ్ల అమ్మగారుండేది కొల్లేరు లంకల్లో. పొద్దున్నే బండి మీద కైకలూరు రోడ్డెక్కాం. ఏలూరు దాటగానే గాలి మారిపోతుంది. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, చెరువుల్లో చక్రాల్లా తిరుగుతూ నీళ్లని చిలికే ఏరేటర్లు. పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆగి చూస్తే, ఎండాకాలం కొల్లేరు బక్కచిక్కి ఉంది. కిక్కిస పొదలు, గుర్రపుడెక్క, మధ్యలో నీటి పాయలు. చలికాలమైతే ఆటపాక వైపు పెలికాన్లు గుంపులుగా కనబడతాయి. ఏప్రిల్ కదా, నాలుగు కొంగలు, ఒక నీటికాకి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఇందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ కొట్టేసినవాటిలో మా వాడి నాన్న వాటా చెరువు కూడా ఉంది. అప్పటికి మేం ఇంకా చిన్నపిల్లలం. వాడు ఆ సంగతి ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. వంతెన మీద నిలబడి, “అదిగో, అటే” అని చెయ్యి చూపించాడు, అంతే.

వాళ్లింటి ముందు నేను గమనించింది నీళ్ల క్యాన్లు. చుట్టూ కనుచూపు మేర నీళ్లు, అరుగు మీద ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు. ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, పొలాల మందులు అన్నీ చివరికి చేరేది ఈ పళ్లెంలోకే. ఎండాకాలం ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీళ్లు కూడా ఎగదన్నుతాయి. తాగే నీళ్లు మాత్రం ఆటోలో వస్తాయి.

“మా చిన్నప్పుడు పడవ మీద పోతా పోతా దోసిలితో తాగేవోళ్లం బాబూ. ఇప్పుడు కాళ్లు కడగాలన్నా ఆలోచనే” అంది వాళ్లమ్మ.

క్యాను కుళాయి కింద కారే చుక్కలు వృథా పోకుండా ఆవిడ ఒక పగిలిన బకెట్టు పెట్టింది. అందులో ఏపుగా పుదీనా. నాలుగు రెమ్మలు తుంచి, కడిగి, మజ్జిగలో నలిపి, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చింది. ఐసు లేదు. కుండ చల్లదనమే. రెండు గ్లాసులు తాగాను. మా వాడు నా వైపు చూసి, “దీనికి యాభై రూపాయలు ఎవడిస్తాడు?” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద చేపల లోడు కోసం ఆగిన లారీలు కనబడ్డాయి. ఐసు దిమ్మలు దించి, మర వేసి, పొడి చేసి, ట్రేల్లో చేపల మధ్య చల్లుతున్నారు. అది చూడగానే నాకు రాత్రి గ్లాసు గుర్తొచ్చింది.

“ఒరేయ్, నీ ఐసు ఎక్కడిది?”

వాడికి కోపం వచ్చింది. “అంత గడ్డి తినలేదురా నేను. తాగేనీళ్ల ప్లాంటు వాళ్ల దగ్గర సంచుల్లో కొంటాను, బిల్లు చూపించనా?”

వాడిది నిజమే. కానీ అడగాల్సిన ప్రశ్న అదే. తినడానికి పనికిరాని ఐసుని గుర్తుపట్టేలా దానికి నీలిరంగు కలపాలని మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో చెప్పింది. ఎందుకంటే కళ్లతో చూసి తేడా చెప్పలేం. గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు. టైఫాయిడ్ గానీ, కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు గానీ, ఐసు ముక్కలోంచి కూడా రాగలవు. రమ్ము పోస్తే క్రిములు చస్తాయిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. సోడా, నిమ్మరసం కలిసి పలచబడిన గ్లాసులో రమ్ముకి అంత బలం ఉండదు.

నీళ్ల విషయంలో ఏలూరువాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరు మొదటి వారం మాకింకా కళ్ల ముందే ఉంది. వన్ టౌన్ వైపు నుంచి మొదలై, ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోవడం. ఆరొందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇంట్లోనే ఉన్నాను. అమ్మ మూడు రోజులు కుళాయి నీళ్లు ముట్టనివ్వలేదు, కూరగాయలు కొననివ్వలేదు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ పరీక్షలు చెప్పాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏ ఆకుకూరైనా ఒకటే పద్ధతి. వేర్లు కోసేసి, ఆకులు విడదీసి, ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి, మళ్లీ రెండుసార్లు పారే నీళ్లలో కడగడం. మందంతా పోతుందని కాదు, పైపైన ఉన్నదీ మట్టీ చాలావరకు పోతాయి. పచ్చడికైతే పుదీనా మగ్గుతుంది. మోజిటోలో మాత్రం పచ్చిగా, నలిపి, నేరుగా నోట్లోకే. అందుకే ఆ పది ఆకులు ఎన్నిసార్లు కడిగారన్నది అందులో ఎంత కాల్షియం ఉందన్నదానికంటే ముఖ్యం.

తాడేపల్లిగూడెం మామయ్య

సోమవారం పొద్దున ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెం బయల్దేరాను. దెందులూరు, భీమడోలు, పూళ్ల... గంట లోపు ప్రయాణం. దాన్ని నేను ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చాను. కారణం సిగ్గు.

మా మామయ్యకి గూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా పని. ముప్ఫై ఏళ్లుగా బస్తాల లెక్కలు రాస్తున్నాడు. పదేళ్లుగా షుగరు. అంతకుముందు వేసవిలో ఏలూరొచ్చినప్పుడు ఆయన్ని మా వాడి బండి దగ్గరికి తీసుకెళ్లింది నేనే. “వద్దురా అల్లుడూ, తియ్యగా ఉంటాయివి” అంటే, “మందు లేదు మామయ్యా, కూల్‌డ్రింకూ కాదు. పుదీనా, నిమ్మకాయ. ఒంటికి చలవ” అని గ్లాసు చేతిలో పెట్టిందీ నేనే. ఇంజనీరు మేనల్లుడు చెప్పాడు కదా. ఆయన గూడెం వెళ్లాక స్టేషన్ రోడ్డులో అలాంటి బండే వెతుక్కుని, మార్కెట్టు నుంచి ఇంటికెళ్తూ రోజూ ఒక గ్లాసు తాగడం మొదలెట్టాడు. అన్నం తగ్గించుకున్నాడు, స్వీట్లు ముట్టలేదు, మాత్రలు వేసుకున్నాడు. షుగరు ఎందుకు తగ్గట్లేదో ఆయనకీ అర్థం కాలేదు, అత్తయ్యకీ అర్థం కాలేదు. చలికాలంలో కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. మానలేదు. వేలు తీసేశారు.

ఆ గ్లాసు వల్లే వేలు పోయిందని నేననను. పదేళ్ల షుగరు, మార్కెట్టులో చెప్పుల్లేని నడక, ఆలస్యంగా ఆస్పత్రికి వెళ్లడం, అన్నీ ఉన్నాయి. కానీ రోజూ నలభై గ్రాముల చక్కెరని ఆ జాబితాలోంచి కొట్టేసే ధైర్యం కూడా నాకు లేదు.

నేను వెళ్లేసరికి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాలికి మెత్తటి చెప్పులు. “ఏరా, దారి గుర్తుందా?” అన్నాడు. అత్తయ్య మంచినీళ్లిచ్చి లోపలికెళ్లింది. నేను జేబులోంచి దగ్గు మందు మూత తీసి, బండి దగ్గర వేసిన లెక్కంతా చెప్పాను. తొమ్మిది చెంచాలు అన్నప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు.

“ముప్ఫై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్నా. వంద గ్రాముల తేడా వస్తే బస్తా వెనక్కి పంపేవోణ్ణి. ఇది ఎవరూ తూయలేదేంట్రా?” అన్నాడు.

తర్వాత ఆయనే అడిగాడు. “పోనీ, అసలుదాంట్లో మందుంటుందంటగా. అదైతే తీపి తక్కువేగా?”

అమాయకంగా అడిగిన ఆ ప్రశ్నకి జవాబు తెలియాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. మా ఆఫీసు పార్టీల్లో కూడా ‘విస్కీ కంటే మోజిటో నయం, అందులో ఆకులుంటాయి’ అనేవాళ్లని చూశాను. 45 మిల్లీలీటర్ల రమ్ములో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. గ్రాముకి ఏడు కేలరీలు. ఆ ఆల్కహాల్‌ని కరిగించే పని లివర్‌దే. నాకులాగా అప్పటికే కొవ్వు పట్టిన లివర్ అయితే, అలిసిపోయినవాడి నెత్తిన ఇంకో బస్తా పెట్టినట్టు. పుదీనా, నిమ్మ, తీపి కలిసి ఘాటుని దాచేస్తాయి కాబట్టి నీళ్లలా దిగిపోతుంది. ఒకటి అనుకున్నది మూడవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది, ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని. క్యాన్సర్ కారకాల జాబితాలో ఆల్కహాల్ 1988 నుంచీ ఉంది.

షుగరు ఉన్నవాళ్లకి ఇంకో ప్రమాదం. గ్లాసులోని పంచదార వల్ల షుగరు ముందు ఎగబాకుతుంది. కొన్ని గంటల తర్వాత, ఖాళీ కడుపుతో ఉంటే, ఆల్కహాల్ వల్ల కిందికి జారిపోవచ్చు. షుగరు తగ్గినప్పుడు లివర్ తన నిల్వలోంచి విడుదల చేయాలి. ఆల్కహాల్‌తో తీరిక లేని లివర్ ఆ పని సరిగా చేయదు. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకి ఇది అర్ధరాత్రి ప్రాణం మీదికి తెస్తుంది. చెమటలు పట్టి తూలుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ‘తాగాడు’ అనుకుని వదిలేస్తారు.

“అయితే రెండూ వద్దన్నమాట” అన్నాడు మామయ్య. “మరేం తాగమంటావు? ఎండలో నడిచొస్తే నోరెండిపోతుంది.”

లోపల్నుంచి అత్తయ్య గట్టిగా అంది, “నే మజ్జిగ పెడితే తాగరు గానీ!”

ముగ్గురం వంటింట్లోకి వెళ్లాం. అరచెక్క నిమ్మకాయ, కడిగిన పుదీనా పది ఆకులు, కాచి చల్లార్చి కుండలో పోసిన నీళ్లు, దంచిన అల్లం చిన్న ముక్క, చిటికెడు జీలకర్ర పొడి. పంచదార లేదు. బీపీ కూడా ఉంది కాబట్టి ఉప్పు పేరుకి. మామయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. రెండో గుక్కకి తల ఊపాడు. “తీపి లేకపోతే పుదీనా వాసన ఇప్పుడు తెలుస్తోందిరా” అన్నాడు.

ఇది అందరికీ పడుతుందని కాదు. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి నిమ్మ పులుపూ, పుదీనా, గ్యాసు నీళ్లూ ఇబ్బంది పెట్టొచ్చు. పులుపు పళ్ల మీద పదేపదే పడితే ఎనామెల్ అరుగుతుంది. అందుకే చప్పరిస్తూ గంటసేపు తాగకుండా, తాగేశాక మామూలు నీళ్లతో పుక్కిలించడం మంచిది. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఏది ఎంత అన్నది తమ డాక్టరునే అడగాలి. మజ్జిగ గానీ, నిమ్మనీళ్లు గానీ మందుకి బదులు కాదు, దాహానికి బదులు, అంతే.

సాయంత్రం మామయ్య స్టేషన్ దాకా వచ్చాడు. నెమ్మదిగా, ఒక పక్కకి ఒరిగి నడుస్తూ. దారిలో ఆయన రోజూ ఆగే బండి వచ్చింది. బండబ్బాయి అలవాటుగా గ్లాసు అందుకోబోయాడు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టి, “వద్దు బాబూ. సోడా ఉంటే, నిమ్మకాయ పిండి ఇవ్వు. తీపి వెయ్యకు” అన్నాడు. ఆ అబ్బాయి ఆశ్చర్యంగా చూసి, ఇరవై రూపాయలే తీసుకున్నాడు.

రైలు వచ్చేదాకా నాకు సారీ చెప్పాలని ఉంది. నోట్లోంచి రాలేదు. రైలు కదిలేముందు ఆయనే కిటికీలోంచి చెయ్యి పెట్టి నా భుజం తట్టాడు. “నీ రిపోర్టు కాగితం అత్తయ్యకి కనబడింది. నువ్వు జాగ్రత్త. నాకు తెలియక తాగా, నీకు తెలిసింది కదా.”

మూడు మూతలా, ఒక మూతా?

హైదరాబాద్ తిరిగెళ్లే ముందు రోజు రాత్రి మళ్లీ బండి దగ్గరికి వెళ్లాను. మామయ్య వేలి సంగతి మా వాడికి అప్పటిదాకా తెలియదు. చెప్పాను. వాడు ఏమీ అనలేదు. గిరాకీ ఎక్కువగా ఉంది. ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలు, స్కూటీ మీద చంటిబిడ్డతో ఒక జంట, డ్యూటీ దిగిన కండక్టరు.

కాస్త ఖాళీ అయ్యాక చూస్తే, సిరప్పు సీసా మెడకి దారంతో వేలాడుతూ ఒక ప్లాస్టిక్ మూత. దగ్గు మందుదే. ఎక్కడ సంపాదించాడో.

“రెండ్రోజుల్నుంచి అడుగుతున్నా, తీపి ఎంత అని. పదిమందిలో ఏడుగురు ఫుల్లే అంటున్నారు. ఇద్దరు సగం. ఒకళ్లెవరో వద్దంటారు. సగం వాళ్లకి ఉత్త సోడా కలుపుతున్నా, సిరప్పు మిగుల్తోంది. నాకేం నష్టం లేదులే” అన్నాడు.

వాడి బండి ఆరోగ్య కేంద్రం అయిపోలేదు. అవ్వక్కర్లేదు కూడా. ఎండలో అలిసి వచ్చినవాళ్లు యాభై రూపాయలతో కొనుక్కునే చిన్న సంబరం అది, నెలకోసారి ఎవరికీ కొంప మునిగేదేం లేదు. కాకపోతే ఆ పచ్చటి ఆకుని చూసి మనం మూడు ప్రశ్నలు మర్చిపోతున్నాం. తీపి ఎంత? ఐసు ఎక్కడిది? ఆకు కడిగారా? రమ్ముది అయితే నాలుగో ప్రశ్న ఎలాగూ ఉంది. అడిగితే ఏ బండివాడూ కోప్పడడు. మా వాడు కోప్పడ్డాడు గానీ, బిల్లు కూడా చూపించాడు.

కండక్టరు గారు డబ్బులిచ్చి వెళ్లారు. మా వాడు పుదీనా కట్ట మీద నీళ్లు చిలకరించి, గ్లాసు కడిగి నా ముందు పెట్టాడు.

“ఏరా, నీకెంత వెయ్యమంటావు?”

జేబులో రిపోర్టు కాగితం ఇంకా అలాగే ఉంది. “వేయకు” అందామనుకున్నాను. కానీ ఇరవై ఏళ్ల స్నేహితుడి చేతి గ్లాసు.

“ఒక్క మూత. నిండా కాదు, గీత దాకా.”

వాడు మూతని లైటుకి ఎత్తి పట్టుకుని, కన్ను చికిలించి, గీత చూసి పోశాడు.